మామూ, ఫిక్సీ కొననా?

సలాం తర్వాత మా భాంజా అడిగిన మొదటి మాట ఇదే. వాడుండేది దిల్‌సుఖ్‌నగర్‌ల, నౌకరీ ఎల్బీనగర్‌ల. మెట్రోల మూడో స్టేషన్. ఆ కాస్త దూరానికి రోజూ టికెట్టెందుకని సైకిల్ ఖయాల్ వచ్చిందట. నాకు బహుత్ ఖుషీ అయింది. కాని ఫిక్సీ వద్దన్న.

గేర్లు లేని సైకిల్ వేరు, ఫిక్సీ వేరు. మామూలు సింగిల్ స్పీడ్‌కు వెనక ఫ్రీవీల్ ఉంటది. కాళ్లు ఆపినా బండి సాగుతది. ఫిక్సీకి అది లేదు, చక్రం తిరిగినంతసేపు పెడల్ తిరగాల్సిందే. అలవాటైనోళ్లకు అదో నషా, కాదనను. కాని కొత్తపేట దగ్గర సిటీ బస్సు ఎడమకు కోసుకుంట వచ్చి ఆగుతది, ముందర స్పీడ్ బ్రేకర్, పక్కన పండ్ల బండి. అప్పుడు కాళ్లు నిమ్మళంగ ఉండాలె, చేతులు బ్రేకుల మీద ఉండాలె. మొదటి సైకిల్‌కే అంత ఇమ్తెహాన్ ఎందుకు? కొందరైతే బ్రేకులు కూడా తీసేసి తిప్పుతరు. అది షౌక్ కాదు, బేవఖూఫీ.

“ఒక దిక్కు ఫిక్స్‌డ్, ఇంకో దిక్కు ఫ్రీవీల్ ఉండే హబ్ దొరుకుతది గద మామూ” అన్నడు. దొరికితే తీస్కో. ఏడాదిపాటు ఫ్రీవీల్ దిక్కే ఉంచు.

షోరూముల రంగు చూడకు, పళ్లు లెక్కపెట్టు. ముందర 44, వెనక 18 ఉంటే పెడల్ ఒక్క చుట్టుకు చక్రం రెండున్నర చుట్లకు కొంచెం తక్కువ తిరుగుతది. 48, 16 అయితే మూడు చుట్లు. ఖాళీ సడక్ మీద అది మజానే. సిగ్నల్ సిగ్నల్‌కు ఆగి లేచే మన విజయవాడ రోడ్డు మీద మాత్రం మోకాళ్ల జాన్ తీస్తది.

అసలు సంగతి టైర్. ఈ ఫ్యాషన్ బండ్లకు సన్న టైర్లు, సన్న వాల్వ్. రోడ్డు పక్క పంపు చాలాసార్లు దానికి పట్టనే పట్టదు. అందుకే పైసలు కట్టకముందే మీ గల్లీ చివరి పంక్చర్ దుకాణం భాయ్‌ని అడుగు. ఈ సైజు ట్యూబ్ ఉందా, ఈ వాల్వ్‌కు గాలి కొడ్తవా అని. ఆయన తల అడ్డంగ ఊపితే, సైకిల్ ఎంత ఖూబ్‌సూరత్‌గ ఉన్నా వదిలెయ్.

వాడు నవ్విండు. “పంక్చర్‌వాలా మష్వరానా మామూ?”

ఆ నవ్వు నాకు చుర్రుమన్నది. మనోళ్లను తిట్టాలంటే పంక్చర్‌వాలా అనుడు ఎప్పటినుంచో ఉన్నది. 2025 ఏప్రిల్‌ల హిసార్ సభల ప్రధానమంత్రి కూడా, వక్ఫ్ ఆస్తులను ఈమాన్‌దారీతోని వాడి ఉంటే ముస్లిం నౌజవాన్లకు సైకిల్ పంక్చర్లు వేసుకుంట బతికే గతి ఉండేది కాదన్నడు. ఇప్పుడు మన పిల్లలు కూడా అదే నవ్వు నవ్వితే ఎట్ల? మా అబ్బా సైకిల్ టాక్సీ నడిపిండు. చక్రం గాల్లకు లేపి ఒక్కసారి తిప్పి, ఏ స్పోక్ ఢీలా అయిందో చెవితోనే చెప్పేటోడు. అది హునర్ కాదా? ఇయ్యాల అద్దాల షోరూముల సింగిల్ స్పీడ్ అని అమ్మేది, అబ్బా గంటకింత అని కిరాయికిచ్చిన నల్ల సైకిల్‌కు తమ్ముడే. దానికి ఫ్రీవీల్ ఉండె, రెండు బ్రేకులుండె, నిండు చైన్ కవర్ ఉండె. జుమ్మా రోజు తెల్ల పైజామాకు గ్రీజు అంటకుంట కాపాడింది ఆ కవరే.

పడమర దిక్కు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌ల 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచిండ్రు, మీద సోలార్ కప్పు కూడా. పొద్దుగాల సైకిల్ తొక్కుకుంట కూలికి పోయేటోళ్లకు మన దిక్కు ఆగిన ఆటోలకూ బస్సులకూ నడుమ సందే ట్రాక్. కాబట్టి మడ్‌గార్డులు, వెనక ఎర్ర లైటు, గట్టి తాళం, వీటికి కంజూసీ చెయ్యకు అని ఫోన్ పెట్టేసిన.

నిన్న వాట్సాప్‌ల ఫొటో పంపిండు. సైకిల్‌ది కాదు, గల్లీ చివరి దుకాణంది. కింద రాసిండు: “28 ఇంచుల ట్యూబ్ ఉందంటుండు మామూ. సైకిల్ కొనేటప్పుడు తనే వచ్చి చూస్తడట.”