రాజమహేంద్రవరం కలం

వస్తు సేకరణ అనగానే అది ధనికుల వేడుక అనే భావం కలుగుతుంది. పాత ఫౌంటెన్ పెన్నుల విషయంలో ఆ భావానికి తావు లేదు. తాతగారి పెట్టె అడుగున మూలపడివున్న నల్లని కలమే సేకరణకు శ్రీకారం కావచ్చు. అయితే ఆ కలం విలువ గ్రహించాలంటే రాజమహేంద్రవరం కథ తెలియాలి.

ప్రజలకు ఉపయోగపడే వస్తువేదైనా స్వదేశంలోనే తయారుచేయవలసిందిగా 1921లో గాంధీజీ కోసూరి వెంకటరత్నంగారికి సూచించారని ప్రతీతి. 1932లో రత్నంగారు రాజమండ్రిలో కలాల తయారీ ఆరంభించారు. ఆయన కలం జె.సి. కుమారప్ప ద్వారా గాంధీజీకి చేరింది. దానితో వ్రాసి చూసిన మహాత్ముడు, బజారులో దొరికే విదేశీ కలాలకు ఇది చక్కని ప్రత్యామ్నాయమని 1935 జూలై 16న జాబు వ్రాశారు.

ఈ కలాలకు ముడిసరుకు ఎబొనైట్. రబ్బరులో గంధకం కలిపి చాలాసేపు కాచగా ఏర్పడే గట్టి పదార్థమిది. దాని కడ్డీని లేత్ యంత్రంపై చెక్కి, లోపల తొలిచి, మూత బిగియడానికి మరలు తీస్తారు. డ్రాపరుతో సిరాను నేరుగా గొట్టంలోనే పోస్తారు. ఇతర పాత కలాలలోని రబ్బరు సంచి కాలక్రమాన చివికిపోతుంది. వీటిలో సంచే లేదు. కనుకనే ఏళ్ల తరబడి మూలపడిన కలం సైతం చన్నీటితో కడిగితే తరచు తిరిగి వ్రాస్తుంది. వేడినీరు మాత్రం తగలరాదు, నిగ్గు పోతుంది.

కొనేవారు మూత అంచున చీలిక ఉన్నదేమో, పాళీ మొన రెండు పాయలూ సమంగా ఉన్నాయో లేదో చూడాలి. ఎండ తగిలి నలుపు గోధుమవన్నెకు తిరగడం ఎబొనైట్ స్వభావమే. అది లోపం కాదు. సిరా అడుగంటినపుడు చేతివేడికి లోపలి గాలి వ్యాకోచించి చుక్క జారుతుంది. ముందుగానే నింపుకుంటే ఆ బెడద ఉండదు.

మరలు అరిగితే, పాళీ వంగితే సరిచేయగల చేతులు నేడు కొద్దిగానే మిగిలాయి. యంత్రం ముందు కూర్చుని కంటితో, వేలికొసతో నేర్చుకునే పని అది, పుస్తకంలో దొరకదు. పాత కలాన్ని అద్దాల బీరువాలో దాచడం కంటె బాగుచేయించి వాడుకోవడం మేలు. అపుడు కలం నిలుస్తుంది. దానిని చెక్కే విద్యకూ ఒక పూట పని దొరుకుతుంది.