చూడదగ్గ చోట్లు ఎవరివి?

ఇరవై మంది ఆడవాళ్ళం బస్సు మాట్లాడుకుని, హైదరాబాదు నుంచి రాజీవ్ రహదారి మీదుగా గోదావరిఖని వెళ్ళాం. దారిలో దిగువ మానేరు నీళ్ళు, పెద్దపల్లి దాటాక రామగిరి ఖిల్లా, ఆపైన గోదావరి. ఇల్లూ వంటా వదిలి ఇలా తిరగడం మన హక్కేనని ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అందరికీ తెలిసొచ్చింది.

గోదావరిఖని దగ్గర దూరం నుంచి కొండలనుకున్నవి, దగ్గరికెళ్ళి చూస్తే ఓపెన్ కాస్టు గనుల మట్టి గుట్టలు. గనులూ ఇప్పుడు చూడదగ్గ చోట్లే. ఆర్టీసీ 2022 డిసెంబరులో 'సింగరేణి దర్శన్' యాత్ర మొదలుపెట్టింది. మంచిదే. మన ఇంట్లో బల్బు వెలగడానికి ఎవరు చెమటోడుస్తున్నారో మనం చూడాలి. కానీ టికెట్టు కొన్న యాత్రికురాలు చూడగలిగే భూగర్భంలో పనిచేసే హక్కు ఆడవాళ్ళకు ఎన్నాళ్ళు లేదో తెలుసా? 1952 గనుల చట్టం దాన్ని నిషేధించింది. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజరు పనులకు మాత్రం అనుమతించింది. అదీ పగటిపూట, రాతపూర్వక అంగీకారంతో, ముగ్గురికి తగ్గకుండా. అన్ని పనులకూ తలుపు తెరిచిన వృత్తి భద్రతా కోడ్ 2020లో వచ్చినా, 2025 నవంబరులో గానీ అమలు కాలేదు.

గనిలోకి దిగకపోయినా బొగ్గు పని ఆడవాళ్ళను వదల్లేదు. భర్త మూడు షిఫ్టులకూ తగ్గట్టు నిద్ర లేవడం, టిఫిను కట్టడం, బొగ్గు మసి బట్టలు ఉతకడం ఏ మస్టరులోనూ ఎక్కని పని. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌.ఇ.పి. గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అలాంటి ఇళ్ళలో ఉద్యోగం ఎవరి పేర రావాలి, డబ్బు ఎవరి చేతికి అందాలి అన్నది ఆడదానికి బతుకు ప్రశ్న. ఓపెన్ కాస్టు కింద ఊళ్ళు పోయినప్పుడూ అంతే. 2013 భూసేకరణ చట్టం వితంతువుల్నీ, విడాకులు పొందినవాళ్ళనీ, కుటుంబం వదిలేసిన స్త్రీలనీ వేరు కుటుంబాలుగా లెక్కించమంది. పునరావాస జాబితాలో వాళ్ళ పేర్లున్నాయా అన్నది మనం వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది.

కాబట్టి మిత్రులారా, యాత్రలు తప్పకుండా చేయండి. కోట ఎక్కండి, గోదావరిలో కాళ్ళు తడుపుకోండి. ఒక్క పూట మాత్రం పునరావాస కాలనీకి ఉంచండి. ఇంటి పట్టా ఎవరి పేర ఉందో ఆడవాళ్ళనే అడగండి. జాబితాలో ఎక్కని ఒంటరి స్త్రీల వివరాలు, వాళ్ళు ఒప్పుకుంటేనే, రాసుకొచ్చి మాకు పంపండి. ఆ జాబితా పట్టుకుని కలెక్టరు దగ్గరికి అందరం కలిసి వెళదాం.