చినిగిన పుస్తకం – ఒక విన్నపం

ఈ సంచికలో దేశ సమస్యల మీద, యువత కర్తవ్యం మీద పెద్ద పెద్ద వ్యాసాలు వస్తాయని నాకు తెలుసు. నేను రాస్తున్నది మైదా లై గురించి. నవ్వకండి. ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పనివ్వండి.

మాది గోలేటి. చుట్టూ బొగ్గు గనులున్నా మా ఇంట్లో వ్యవసాయమే – పత్తి, కొంత వరి. ఒక వానాకాలం ఇల్లు కురిసి, మా తాత పేరిట ఉన్న పాత పట్టాదారు పాసుపుస్తకం తడిసింది. మధ్య పుట రెండు ముక్కలైంది. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఇంట్లో చదువుకునేది నేనే కాబట్టి ఆ పని నాకే అప్పగించారు. నేను చింపు పొడుగునా సెల్లోటేపు అతికించాను. "మంచిగయింది బిడ్డా" అని నాన్న మురిసిపోయాడు.

నాలుగైదేళ్ళకు బయటికి తీస్తే టేపు ఎండి ముదురు తేనె రంగుకు తిరిగింది. సరిగ్గా సర్వే నంబరు రాసిన చోట జిగురు మరక. గీకి తీద్దామని చూస్తే టేపుతో పాటు సిరా కూడా లేచి వచ్చింది. ఆ నంబరు మళ్ళీ రాయించుకోవడానికి నాన్న పత్తి ఏరే రోజుల్లో పని మానుకుని ఎన్నిసార్లు తిరిగాడో నేను లెక్కపెట్టలేదు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

డిగ్రీలో రసాయన శాస్త్రం చదువుతుంటే సంగతి అర్థమైంది. టేపు మీది జిగురు గాలికి ఆక్సీకరణం చెందుతుంది. మొదట మెత్తబడి కాగితం పోగుల్లోకి దిగుతుంది, తర్వాత గట్టిపడి రంగు మారుతుంది. నీళ్ళతో అది వదలదు. మైదా లై అలా కాదు, ఎన్నేళ్ళ తర్వాతైనా కొద్దిగా తడి చేస్తే ఊడి వస్తుంది. వంకరగా అతికితే విప్పి మళ్ళీ అతికించుకోవచ్చు. తర్వాత విప్పడానికి వీల్లేని రిపేరు ఏ పుస్తకానికీ చేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. మార్కుల మెమోలకు ఆత్రంగా లామినేషన్ చేయించే మిత్రులకూ ఇదే చెబుతాను. వేడికి కరిగి అంటుకున్న ప్లాస్టిక్ ఇక కాగితాన్ని విడవదు.

లై చేయడం తెలియనివాళ్ళ కోసం: ఒక చెంచా మైదాకు ఐదు చెంచాల నీళ్ళు పోసి, ఉండలు లేకుండా కలిపి సన్నమంట మీద పెట్టాలి. గరిటె ఆపకూడదు. తెల్లదనం పోయి నిగనిగలాడుతూ చిక్కబడగానే దించి చల్లార్చాలి. చింపు మీద వేసే పట్టీని రంగు దిగని, పల్చని తెల్ల కాగితం నుంచి తీయాలి. దాన్ని కత్తెరతో కత్తిరించకండి, గీత వెంబడి తడి చేసి చేత్తో లాగండి. అంచున పోగులు లేచి ఉంటేనే పట్టు బాగుంటుంది. లై పల్చగా రాసి, అతికించి, పైనా కిందా పాలిథీన్ కాగితం పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచాలి. మా ఇంట్లో బరువంటే గుడ్డ చుట్టిన రెండు ఇటుకలు. పురుగు పట్టకుండా లైలో మైలుతుత్తం కలిపే అలవాటు కొందరికి ఉంది. నేను కలపను. అది విషం, పైగా రాగి లవణాలు కాగితాన్ని లోలోపల తినేస్తాయి. దానికి బదులు లై తాజాగా చేసుకుంటాను, పల్చగా రాస్తాను.

మా ఊళ్ళో ఇంకో బాధ ఉంది, బొగ్గు దుమ్ము. అలమారలోని పుస్తకం తీస్తే వేలికి నలుపు అంటుతుంది. తడిగుడ్డతో తుడిచారా, ఆ దుమ్ము మరకై కూర్చుంటుంది. పుస్తకం తెరవకుండా గట్టిగా మూసి పట్టుకుని, పొడి కుంచెతో వీపు వైపు నుంచి బయటికి దులపాలి. అట్టలకు న్యూస్‌పేపరు వేసే అలవాటు కూడా మంచిది కాదు. అందులో లిగ్నిన్ ఎక్కువ, పాతబడేకొద్దీ ఆమ్లం పుట్టి అసలు అట్టకూ పాకుతుంది. వేరే గతి లేక వేస్తే ఏడాదికోసారి మార్చండి.

"ఇదంతా ఎందుకు? ఫోన్‌లో పి.డి.ఎఫ్. ఉంటుంది కదా" అంటాడు మా హాస్టల్ మిత్రుడు. ఉన్నవాటికి ఉంటుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వేసిన వృక్షశాస్త్రం పాత ముద్రణ ఒకటి నా దగ్గరుంది. నాకు ముందు ముగ్గురు చదివారు. పక్కన పెన్సిలుతో వాళ్ళు రాసుకున్న గుర్తులు ఏ ఫోన్‌లో దొరుకుతాయి? ఇక ఆ పాసుపుస్తకం సంగతి చెప్పనే అక్కర్లేదు.

మేము రైలెక్కే ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌కు దగ్గర్లోనే కాగజ్‌నగర్. కాగితం పేరే ఆ ఊరి పేరు. 1942లో ఉత్పత్తి మొదలుపెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయి, 2018లో చేతులు మారి మళ్ళీ తెరుచుకుంది. మిల్లు ఆగిన ఆ నాలుగేళ్ళు అక్కడ ఎన్ని పొయ్యిలు చల్లబడ్డాయో మా వైపు వాళ్ళకు తెలుసు. అడవిలో వెదురు నరికిన చేతి నుంచి మిల్లు కార్మికుడి దాకా ఇంతమంది శ్రమ ఉన్న పుటను అట్ట ఊడిందని తూకానికి వేయడం నాకు నచ్చదు.

1966 నవంబరు 4న ఇటలీలో ఫ్లోరెన్స్ నగరాన్ని వరద ముంచెత్తింది. జాతీయ గ్రంథాలయంలోకి బురద వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన విద్యార్థులు వరుస కట్టి, చేతి నుంచి చేతికి అందించుకుంటూ పుస్తకాలను పైకి చేర్చారు. వాళ్ళదీ మన వయసే. మనకు అంత వరద రాలేదు. వచ్చిందల్లా ఊడిన అట్టలు, జారిన కుట్లు.

అందుకే మన విద్యార్థి సంఘానికి నా విన్నపం. వార్షికోత్సవం ఖర్చులో కిలో మైదాకు, నాలుగు కుంచెలకు చోటు ఇవ్వండి. పరీక్షలు అయిన మర్నాడు ఒక పూట చాలు. స్టవ్వు నేను తెస్తాను, ఇటుకలకు కొదవ లేదు.

నా వృక్షశాస్త్రం పుస్తకానికి మొన్న సెలవుల్లో వీపు కుట్టాను. దాన్ని మా వీధిలో కొత్తగా డిగ్రీలో చేరిన అమ్మాయికి ఇస్తానని మాటిచ్చాను. పాసుపుస్తకాన్ని మాత్రం నాన్న నా చేతికి ఇంకా ఇవ్వలేదు.

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, గోలేటి