మెడపట్టీతో తీరే సమస్యేనా?

తొట్టి అంచును పళ్లతో పట్టి గొంతులోకి గాలి లాగే గుర్రానికి మెడకు బిగుతుగా పట్టీ కడతారు. అలవాటు ఆగుతుంది, ఒత్తిడి ఆగదు. ఆరుబయటైతే రోజుకు 16 గంటల దాకా మేసే జంతువు అది. ఒంటరిగా కట్టేసి, దాణా ఎక్కువ, గడ్డి తక్కువ పెడితే ఇంకేం చేస్తుంది? సూరత్‌లోని ఉన్‌లో బరాత్ గుర్రానికైనా, మలక్‌పేట రేసు గుర్రానికైనా కావలసింది ఎండుగడ్డి, తోటి గుర్రం, కాసేపు స్వేచ్ఛగా తిరగడం. ముదిరిన అలవాటు పూర్తిగా పోకపోవచ్చు, అది వేరే మాట.

దీన్ని దయ అనుకోవద్దు. జంతు హింస నివారణ చట్టం, 1960లోని సెక్షన్ 3 ప్రకారం ఇది యజమాని బాధ్యత. నాగరాజ కేసులో (2014) సుప్రీంకోర్టు 3, 11 సెక్షన్లలో ‘ఐదు స్వేచ్ఛలు’ ఇమిడి ఉన్నాయంది. సహజ ప్రవర్తన వాటిలో ఒకటి. జవాబులో 51ఎ(జి) రాసి ఆగిపోకండి. తనిఖీ పత్రంలో గాయాలతో పాటు మెడపట్టీని కూడా నమోదు చేయాలన్నది నా వాదన.