గోడ మీది వరద గుర్తునే కొలతగా తీసుకోవాలి

కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు మండలాల అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు!

ఒడిశా కొండల్లో పుట్టిన శబరి మన కూనవరం దగ్గరే గోదాట్లో కలుస్తుంది. వానాకాలం గోదావరి పోటెత్తితే శబరికి దారి దొరకదు. వెనక్కి తన్ని ఊళ్ల మీద పడుతుంది. దిగువన పాపికొండల మధ్య నది ఇరుకు, వచ్చిన నీరు ఓ పట్టాన పోదు. పోలవరం ఎగువ కాఫర్ డ్యామ్ కట్టాక మరీ ఆలస్యంగా దిగుతోందని ఏ ఇంట అడిగినా చెబుతారు.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి వరద 75.6 అడుగులు, 2022 జూలైలో 71 అడుగుల పైన. ఆ రెండోది మన గోడల మీద ఇంకా ఉంది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా ఆ బురద చార మళ్లీ పైకి తేలుతుంది. దాని కింద బీరువా తలుపు తుప్పు పట్టి తెరుచుకోదు.

పోలవరం ప్రాజెక్టు నిండు నీటిమట్టం 45.72 మీటర్లు. తొలి దశ 41.15 అంటున్నారు. ఆ కాంటూరు లోపలున్న గూడేనికి ముందు పునరావాస ప్యాకేజీ, పక్క గూడేనికి ఎప్పుడో. వరదొస్తే మాత్రం రెండూ ఒకే పడవ కోసం ఎదురు చూస్తాయి! నిలిచిన నీటికి అంతటా ఒకే మట్టం, పారే వరదకు ఎగువన ఎక్కువ మట్టం. ఇంజనీర్లకు ఇది మనం చెప్పాలా?

ప్రాజెక్టు వద్దనడం లేదు. డెల్టా రైతుకు నీళ్లు రావాల్సిందే. మమ్మల్ని ముందు గట్టెక్కించి, ఆ తర్వాత నీళ్లు నిలపమంటున్నాం.

ఇంకో మాట. కొండల మీది కోయ, కొండరెడ్డి కుటుంబాలు తెచ్చే చింతపండు, ఇప్పపువ్వు సంతలో అమ్ముడుపోతేనే ఇక్కడ కిరాణా కొట్టు నడుస్తుంది, ఆటో కదులుతుంది. లంకల్లో మిరప, పొగాకు పండితేనే కూలీకి పని. పరిహారం జాబితాలో ఇల్లుంది, పట్టా పొలం ఉంది. సంత లేదు, కౌలుదారు లేడు, పడవవాడు లేడు. ఊరిని ముక్కలు చేసి తలో కాలనీకి పంపితే ఇల్లు దొరుకుతుందేమో గానీ, బేరం ఎవరితో?

అందుకే 2022 వరద ముంచిన ప్రతి ఇంటినీ ఒకే విడతలో లెక్కించాలి. ఊరు ఖాళీ చేసే నాటికి పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ప్యాకేజీ ఇవ్వాలి. సంతకు, దాని మీద బతికేవాళ్లకు కొత్త చోట జాగా చూపాలి.

మనది షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 పెసా చట్టం ప్రకారం భూసేకరణకు, పునరావాసానికి ముందు మనల్ని సంప్రదించాలి. ఈసారి గ్రామసభకు ఉత్త చేతులతో రావద్దు. మీ గోడ మీది గుర్తు పక్కన టేపు పెట్టి ఫోన్లో ఫొటో తీయండి. ఇంటి నంబరు కనబడాలి. తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కాక చదివించుకుని వినండి, అప్పుడే వేలిముద్ర వేయండి. నకలు చేతికొచ్చేదాకా అక్కడి నుంచి లేవొద్దు.