తల్లి తప్పు కాదు, బిడ్డ పాపం కాదు

మన వాడల్లో ఒక బిడ్డ చిన్న తలతోనో, చెవుడుతోనో, కంటిలో శుక్లంతోనో పుడితే అందరి వేలూ మొదట తల్లివైపే చూపుతుంది. గ్రహణం నాడు బయటికి వచ్చిందంటారు. కడుపుతో వుండి మిల్లుకు పోయిందంటారు. పూర్వజన్మ పాపమంటారు. షోలాపూర్ చాళ్ళలోనైనా, భివండీ మగ్గాల షెడ్ల పక్కనైనా మన భాషతోపాటు ఈ మాటలూ మన వెంట వచ్చాయి. అసలే దుఃఖంలో వున్న తల్లికి ఈ నింద రెండో దెబ్బ. అందుకే ఈసారి ఈ విషయం రాయవలసి వచ్చింది.

బిడ్డలు ఇలా పుట్టడానికి కారణాలు అనేకం. వాటిలో ముఖ్యమైనది, చాలావరకు నివారించగలిగినది ఒకటున్నది. గర్భిణికి సోకిన వైరస్ మాయను దాటి కడుపులోని బిడ్డకు చేరటం.

ఈ సంగతి మొదట బయటపడింది ఆస్ట్రేలియాలో. 1941లో సిడ్నీ నగరంలోని కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ వద్దకు శుక్లాలతో పుట్టిన పసిబిడ్డలు ఒకరి వెంట ఒకరు రాసాగారు. విచారిస్తే, దాదాపు ఆ తల్లులందరికీ గర్భం తొలి నెలల్లో రుబెల్లా అనే తట్టు వచ్చినట్లు తేలింది. అంతకుముందు 1940లో అక్కడ ఆ జబ్బు విపరీతంగా వ్యాపించింది. తల్లికది మూడు రోజుల్లో తగ్గిపోయే జ్వరం, ఒంటిమీద కాస్త దద్దురు. బిడ్డకు మాత్రం చూపు, వినికిడి, గుండె, మెదడు దెబ్బతిన్నాయి. 1964-65లో అమెరికాలో రుబెల్లా చెలరేగినప్పుడు సుమారు 20 వేలమంది బిడ్డలు ఇలాంటి లోపాలతో పుట్టారు.

తల్లికి చిన్న జబ్బు, బిడ్డకు ఇంత నష్టం ఎందుకు? మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటాయి. పైపొరకు చేరవలసిన కణాల్లో చాలాభాగం గర్భంలో రెండో నెల నుండి అయిదారు నెలలలోపే తయారవుతాయి. మెదడు లోపలి అంచున కొన్ని మూలకణాలుండి, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలుతూ వుంటాయి. వాటినుండి సన్నని పోగులు మెదడు పైభాగం దాకా సాగివుంటాయి. కొత్తగా పుట్టిన కణాలు ఆ పోగులను పట్టుకుని పైకి పాకి, తమ తమ చోట్లకు చేరుకుంటాయి. పడుగు సాగదీయటం లాంటిదే ఈ పని. పడుగులో పోగులు తెగితే మగ్గంమీద ఎంత జాగ్రత్తగా నేసినా బట్టలో ఆ లోపం పోదని మనకు తెలుసు. రుబెల్లా వైరస్ చేరితే కణాల చీలిక మందగిస్తుంది, రక్తనాళాలు దెబ్బతింటాయి. అందుకే తొలి మూడు నెలలు ఎక్కువ ప్రమాదకరం. ఆ నెలల్లో తల్లికి రుబెల్లా వస్తే బిడ్డకు సోకే అవకాశం నూటికి 90 వరకు వుంటుంది.

జికా వైరస్ దెబ్బ ఇంకా సూటిగా తగులుతుంది. 2015లో బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాల్లో చిన్న తలలతో బిడ్డలు పుట్టడం ఒక్కసారిగా పెరిగింది. ఈ వైరస్ మెదడు మూలకణాల్లోనే దూరి వాటిని చంపుతున్నదని, చీలకుండా ఆపుతున్నదని 2016లో శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చూపారు. కణాలు తగ్గితే మెదడు పెరగదు, మెదడు పెరగకపోతే పుర్రె కూడా పెరగదు.

అక్కడ ఎక్కువగా నష్టపోయింది ఎవరు? కుళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియక డ్రమ్ముల్లో నిలవ చేసుకునే పేద కుటుంబాలు. జికాను మోసే దోమ, డెంగ్యూను మోసే దోమ ఒకటే. అది నిలవ వున్న మంచినీటిలో గుడ్లు పెట్టి, పగటిపూట కుడుతుంది. మన వాడల్లో డ్రమ్ములు లేని ఇల్లున్నదా? 2024లో పూణేలో గర్భిణులతో సహా పలువురికి జికా సోకింది. బ్రెజిల్ మనకు దూరమని అనుకోవటానికి వీల్లేదు. తల్లిని నిందించేవారు, రోజూ నీళ్ళివ్వని మునిసిపాలిటీని ఎందుకు నిందించరు?

చేయగలిగింది చాలా వున్నది. రుబెల్లాకు టీకా వున్నది. 2017 ఫిబ్రవరిలో తమిళనాడు, కర్ణాటక, యానాం వున్న పుదుచ్చేరి తదితర ప్రాంతాల్లో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం మొదలై, తర్వాత దేశమంతటికీ వ్యాపించింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం. బిడ్డకు 9 నెలలు నిండాక ఒకటి, 16 నుండి 24 నెలల మధ్య రెండోది వేయించాలి. మగబిడ్డలకూ వేయించాలి, ఇంటికి జబ్బు తెచ్చేది వారు కూడా కావచ్చు. పెళ్ళికి ముందు ఆడపిల్లలు టీకా సంగతి డాక్టరును అడగాలి. గర్భిణికి మాత్రం ఈ టీకా వేయరు. జికాకు ఇంకా అందరికీ అందే టీకా లేదు. డ్రమ్ములకు మూతలు పెట్టాలి, వారానికోసారి ఖాళీచేసి గోడలు తోమాలి. గర్భిణికి జ్వరంతో దద్దురు వస్తే ఆలస్యం లేకుండా డాక్టరుకు చూపించాలి. ప్రతి జ్వరమూ బిడ్డకు హాని చేయదు, భయం వద్దు, నిర్లక్ష్యమూ వద్దు.

మూతలు మనం పెట్టగలం. కుళాయి నీళ్ళు, మురుగు కాలువలు, డిస్పెన్సరీలో డాక్టరు మన ఒక్కొక్కరి చేతిలో లేవు. 26 వారాల ప్రసూతి సెలవు చట్టంలో వున్నది. చిన్న షెడ్లలో పేరు రిజిస్టరులో లేని స్త్రీ కార్మికులకు అది కాగితం మీది మాటే. పేర్లు రిజిస్టరుకు ఎక్కాలి, ఈఎస్ఐ వర్తించాలి, జ్వరం వచ్చిన గర్భిణికి కూలి కోతలేని సెలవు వుండాలి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం నూటికి 40 వంతులకు తగ్గని వైకల్యమున్న పిల్లలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. ఆ సర్టిఫికెట్టు కోసం తిరగలేని తల్లి వెంట యూనియన్ కార్యకర్త వెళ్ళాలి.

బ్రెజిల్ తల్లులు ఇళ్ళల్లో ఏడుస్తూ కూర్చోలేదు. సంఘాలు పెట్టుకున్నారు. ఏళ్ళ తరబడి పోరాడి 2020లో బిడ్డలకు జీవితకాల పెన్షన్, 2025లో నష్టపరిహారం చట్టం ద్వారా సాధించారు. తప్పు తమది కాదని వారు ముందు తెలుసుకున్నారు, తర్వాత అడిగారు.

మన వాడలో అలాంటి బిడ్డ వున్న ఇల్లు ఏదో మనందరికీ తెలుసు. ఈ ఆదివారం ఆ గడప తొక్కుదాం. ఆ తల్లితో చెప్పవలసిన మొదటి మాట ఒకటే: అమ్మా, తప్పు నీది కాదు.