నీటి పుట్టుక తెలుసుకుందాం, కొల్లేటిని నిలుపుకుందాం

కొల్లేటి లంకల రైతులారా, ఏలూరు, తాడేపల్లిగూడెం యువతీ యువకులారా!

గోదావరి కాలువా కృష్ణా కాలువా వచ్చి కలిసే ఊరు మన ఏలూరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి చేరే సరస్సు మన కొల్లేరు. ఇన్ని నీళ్ల నడుమ ఉండి కూడా లంక గ్రామాల్లో మంచినీళ్లు కొనుక్కుంటున్నాం. పల్లంలో బోరు వేస్తే ఉప్పు తగులుతోంది. చింతలపూడి మెట్టలో బోర్లు లోతుకు దిగుతున్నాయి.

ఉప్పుటేరు మీదుగా సముద్రం ఎక్కివస్తోందని కొందరు, చేపల చెరువులే కారణమని కొందరు, నేల గుణమే అంతని ఇంకొందరు. ఎన్నాళ్లీ వాదన? దీన్ని తేల్చే సాక్ష్యం ఆ నీటిలోనే ఉంది.

నీటిలో డ్యుటీరియం, ఆక్సిజన్-18 అనే బరువైన పరమాణువులు కొద్దిగా ఉంటాయి. ఎండకు తేలిక నీరు ముందు ఆవిరైపోతుంది, బరువైనది మిగులుతుంది. అందుకే చెరువులో నిలిచిన నీటికి ఒక గుర్తు, వాననీటికి ఒకటి, సముద్రానికి మరొకటి. ట్రిషియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ 12.3 ఏళ్లకు సగమవుతుంది. అది కనబడితే ఆ నీరు ఇటీవలి దశాబ్దాల్లో ఇంకినట్టే. నీటిలో కరిగివున్న కార్బన్-14 సగమవడానికి 5,730 ఏళ్లు పడుతుంది. సముద్రం ఇక్కడిదాకా ఉన్న కాలంలో మట్టిలో చిక్కిన పాత ఉప్పునీటిని అది పట్టిస్తుంది. ఈ గుర్తులన్నీ నీటిలో ఇప్పటికే ఉన్నవే. వాటిని చదవడానికి మన నీటిలో ఏమీ కలపక్కర్లేదు, భయపడక్కర్లేదు.

కారణం తెలిస్తేనే మందు తెలుస్తుంది. సముద్రమే ఎక్కివస్తుంటే ఉప్పుటేరు దగ్గర ఆపాలి. చెరువులదే తప్పయితే చెరువులను కట్టడి చేయాలి. పాత ఉప్పయితే ఆ లోతుకు బోరు దించకూడదు. మెట్టలో తోడుతున్నది వేల ఏళ్ల నీరైతే, అది మన జీవితకాలంలో తిరిగి నిండదని ఒప్పుకొని పొదుపు పాటించాలి.

ఈ విద్య మనకు దూరం కాదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వాన ఎంత ఇంకుతోందో ట్రిషియంతో కొలిచారు. జాతీయ జలవిజ్ఞాన సంస్థ డెల్టా కేంద్రం కాకినాడలోనే ఉంది. తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది. శాస్త్రం సిద్ధంగా ఉంది, కదలాల్సింది మనమే.

ఈ నీటి పరీక్ష కోసం ప్రతి పంచాయతీ తీర్మానం చేయాలి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి నమూనాలు తీయాలి. బోరు కాసేపు నడిపి, గాలి బుడగ మిగలకుండా సీసా నింపి, మూత బిగించి, ఊరు, లోతు, తేదీ రాయాలి. చెరువుల యజమానులు తమ నీటినీ ఇవ్వాలి. విద్యార్థులు ఈ పనిని భుజాన వేసుకోవాలి. ఫలితాలను పంచాయతీ గోడ మీద అందరికీ కనబడేలా రాయించాలి.

2020 డిసెంబరులో ఏలూరులో అంతుచిక్కని జబ్బుతో వందలమంది ఆసుపత్రి పాలయ్యాకే మన నీళ్ల మీద దేశం కన్ను పడింది. మళ్లీ అంతదాకా రానివ్వొద్దు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఆ గౌరవాన్ని నిలబెట్టే భారం మనది. పరీక్ష ఎవరిని తప్పుపట్టినా, మనల్నే పట్టినా, ఆ తీర్పుకు తలొగ్గుదాం. రండి, ఈ వానలకు ముందే మొదటి సీసా నింపుదాం!